సమజాత శ్రేణిలో మరుగు స్థానం సమానమైన మెట్లతో ఎందుకు పెరగదు?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. సమజాత శ్రేణిలో పక్కపక్కనున్న రెండు సమ్మేళనాలకు ఒక మిథిలీన్ సమూహం, అంటే ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు మాత్రమే తేడా అనీ, అణుభారం ప్రతిసారీ 14 పెరుగుతుందనీ, భౌతిక ధర్మాలు క్రమంగా మారుతాయనీ పదో తరగతి నుంచి చదువుతున్నాను. ఆ "క్రమంగా" అనే మాట దగ్గరే నా సందేహం. ఆల్కేన్ల (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండి, అన్నీ ఏకబంధాలే ఉన్న సమ్మేళనాల) మరుగు స్థానాలను నోటుపుస్తకంలో వరుసగా రాసి చూస్తే మీథేన్‌కు మైనస్ 161.5, ఈథేన్‌కు మైనస్ 88.6, ప్రొపేన్‌కు మైనస్ 42.1, బ్యూటేన్‌కు మైనస్ 0.5, పెంటేన్‌కు 36.1 డిగ్రీల సెల్సియస్ ఉన్నాయి. మొదటి మెట్టు 72.9 డిగ్రీలు, తర్వాతివి 46.5, 41.6, 36.6. చేరుతున్నది ప్రతిసారీ అదే సమూహం అయినప్పుడు పెరుగుదల ఎందుకు తగ్గుతూ పోతోంది? ద్రవీభవన స్థానాలు ఇంకా అయోమయంగా ఉన్నాయి. ఈథేన్ మైనస్ 182.8 దగ్గర కరిగితే, దానికన్నా పెద్దదైన ప్రొపేన్ మైనస్ 187.7 దగ్గరే కరిగిపోతోంది. కళాశాలలో అడిగితే పరీక్షకు అవసరం లేదన్నారు. నాకు మాత్రం ఇది తేలకుండా తర్వాతి పాఠం మీదికి మనసు పోవడం లేదు.

సమాధానం 1: విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, చిత్తూరు

అమ్మా, నీ పట్టిక సరిగ్గానే ఉంది. "క్రమంగా" అంటే ఒకే దిశలో మారుతుందనే అర్థం తప్ప, సమానమైన మెట్లతో మారుతుందని కాదు. ఈ రెండింటి తేడాను మేము తరగతిలో విడమరచి చెప్పకపోవడం వల్లనే ఏటా ఎందరో పిల్లలు ఇక్కడ ఆగిపోతారు.

సమానమైన మెట్లు చూడాలంటే దహనోష్ణాలను తీసుకో. ఒక మోల్ మండితే మీథేన్ 890, ఈథేన్ 1560, ప్రొపేన్ 2220, బ్యూటేన్ 2878 కిలోజౌళ్ల వేడినిస్తాయి. తేడాలు 670, 660, 658. ఒక్కో మిథిలీన్ చేరినప్పుడు రెండు కార్బన్-హైడ్రోజన్ బంధాలూ ఒక కార్బన్-కార్బన్ బంధమూ అదనంగా వస్తాయి కనుక, బంధాల లెక్కను కూడితే వచ్చే రాశులు ఇలా దాదాపు సమానంగా పెరుగుతాయి. 25 డిగ్రీల దగ్గర కొలిచిన బాష్పీభవనోష్ణం (ఒక మోల్ ద్రవాన్ని ఆవిరి చేయడానికి కావలసిన వేడి) కూడా అలాంటిదే: పెంటేన్‌కు 26.4, హెక్సేన్‌కు 31.6, హెప్టేన్‌కు 36.6 కిలోజౌళ్లు, అంటే మెట్టుకు సుమారు 5.

మరుగు స్థానం అలా కూడి రాబట్టే రాశి కాదు. ద్రవంలో అణువులను పట్టి ఉంచే ఆకర్షణకూ, వాటిని విడదీసే ఉష్ణ చలనానికీ తూకం కుదిరి, బాష్పపీడనం (ద్రవం నుంచి వచ్చే ఆవిరి కలిగించే పీడనం) వాతావరణ పీడనంతో సమానమయ్యే ఉష్ణోగ్రత అది. మీథేన్ ఈథేన్‌గా మారితే అణుభారం 16 నుంచి 30కి, అంటే దాదాపు రెట్టింపవుతుంది. హెప్టేన్ ఆక్టేన్‌గా మారితే 100 నుంచి 114కే పెరుగుతుంది. చేరింది అదే సమూహమైనా, అప్పటికే ఉన్న అణువులో దాని వాటా తగ్గిపోతోంది. అందుకే హెప్టేన్ నుంచి ఆక్టేన్‌కు పెరుగుదల 27 డిగ్రీలే.

సమాధానం 2: పరిశోధక విద్యార్థి, తిరుపతి

ద్రవీభవనం సంగతి నేను చెబుతాను. మరిగేటప్పుడు అణువుల మధ్య ఆకర్షణ ఎంత ఉందన్నదే ముఖ్యం. కరిగేటప్పుడు ఆ అణువులు స్ఫటికంలో ఎంత ఒద్దికగా పేరుకున్నాయన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఆల్కేన్ గొలుసు వంకరటింకర గీతలా ఉంటుంది. కార్బన్ల సంఖ్య సరి అయితే గొలుసు రెండు చివరలూ ఎదురెదురు దిక్కులకు తిరిగి ఉంటాయి కాబట్టి పక్క అణువుతో బాగా ఇమిడిపోతాయి. బేసి అయితే రెండు చివరలూ ఒకే వైపు తిరిగి ఉండడం వల్ల మధ్యలో ఖాళీలు మిగులుతాయి. వదులుగా పేరుకున్న ప్రొపేన్ తొందరగా కరగడానికి కారణం అదే. కొవ్వు ఆమ్లాల్లో ఈ సరి-బేసి తేడాను రసాయన శాస్త్రవేత్త బేయర్ 1877లోనే గుర్తించారు. ఎసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీల దగ్గర కరిగితే, దానికన్నా ఒక కార్బన్ ఎక్కువున్న ప్రొపియోనిక్ ఆమ్లం మైనస్ 20.7 దగ్గరే కరగడం చూస్తే, ప్రొపేన్ ఒంటరి కాదని తెలుస్తుంది.

సమాధానం 3: పాల డెయిరీ ప్రయోగశాల ఉద్యోగిని, చిత్తూరు జిల్లా

పై ఇద్దరూ చెప్పినదానికి మా పనిలో రోజూ చూసేది ఒకటి కలుపుతాను. నెయ్యి స్వచ్ఛతకు చేసే ఆర్.ఎం. (రైకర్ట్-మైసిల్) విలువ పరీక్ష మొత్తం సమజాత శ్రేణి మీదే నిలబడి ఉంది. 5 గ్రాముల నెయ్యిని క్షారంతో సబ్బుగా మార్చి, సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి స్వేదనం చేస్తాము. ఆవిరితో పాటు చిన్న గొలుసుల కొవ్వు ఆమ్లాలు దిగుతాయి. గదంతా ముక్కిపోయిన నెయ్యి వాసన, అది నాలుగు కార్బన్ల బ్యుటిరిక్ ఆమ్లానిది. దిగిన నీటిని చల్లార్చి వడగడితే, నీటిలో కరగనివి వడపోత కాగితం మీద మిగిలిపోతాయి. కిందికి దిగిన దానికి ఫినాఫ్తలీన్ సూచిక వేసి, లేత గులాబీ రంగు నిలిచేదాకా 0.1 నార్మల్ గాఢత ఉన్న క్షారం వదులుతాము. ఖర్చైన క్షారం ఎన్ని మిల్లీలీటర్లో అదే ఆర్.ఎం. విలువ. నెయ్యికి ఈ విలువ 28 చుట్టూ ఉంటుంది, కొబ్బరినూనెకు 6 నుంచి 8 దాకా వస్తుంది.

ఇక్కడ మెట్లను గమనించండి. బ్యుటిరిక్ ఆమ్లం నీటిలో ఎంతైనా కలుస్తుంది. ఆరు కార్బన్ల కాప్రోయిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్ల నీటిలో 1 గ్రాము మేరకే కరుగుతుంది. ఎనిమిది కార్బన్ల కాప్రిలిక్ ఆమ్లం 0.07 గ్రాములే. ఇది తీసివేతల లెక్క కాదు, భాగహారాల లెక్క. మార్పు ఒకే దిశలో ఉన్నా, ఒక్కో ధర్మం నడక ఒక్కో తీరుగా ఉంటుందని నాకు ఈ పరీక్ష చేస్తూనే బోధపడింది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:

అందరికీ కృతజ్ఞతలు. సార్, మీరు చెప్పినట్టే బ్యూటేన్ దహనోష్ణానికి 658 కలిపి పెంటేన్‌కు 3536 వస్తుందని లెక్కవేశాను. పుస్తకంలో మాత్రం 3509 ఉంది. 27 ఎక్కడ తగ్గింది?

సమాధానం 1 రాసిన అధ్యాపకుడు:

చాలా మంచి చోట పట్టుకున్నావమ్మా. బ్యూటేన్ వరకు అన్నీ వాయువులు. 25 డిగ్రీల దగ్గర పెంటేన్ ద్రవం, పుస్తకంలోని విలువ ఆ ద్రవానిదే. ద్రవాన్ని ముందు ఆవిరి చేయడానికి కొంత వేడి ఖర్చవుతుంది. పైన నేనిచ్చిన పెంటేన్ బాష్పీభవనోష్ణం చూడు: 26.4. నీ లెక్కలో తగ్గిన 27 దాదాపుగా అదే. ద్రవ హెక్సేన్ విలువ 4163; దానికి 31.6 కలిపి, నీ 3536 నుంచి తేడా ఎంత వస్తుందో చూసి ఇక్కడ రాయి.