పాత జెట్‌ను ఎగిరించడానికి చందా ఇవ్వాలా, నేల మీద ఇంజిన్ నడిస్తే చాలా?

మామునూరు_రన్‌వే:
వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం మళ్లీ తెరుస్తారని తెలిసినప్పటి నుంచి ఇక్కడ ఒకటే చర్చ: వాయుసేన పక్కన పెట్టిన కిరణ్ జెట్ ఒకటి దొరికితే చందాలేసుకుని ఎగిరే స్థితికి తేవాలా అని. తేవాలనే నా పక్షం. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) తయారుచేసిన తొలి జెట్ శిక్షణ విమానం అది, 1964లో మొదటిసారి ఎగిరింది. వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ 2011 దాకా దాని మీదే విన్యాసాలు చేసింది. దిమ్మె మీద నిలబెడితే నాలుగు వానాకాలాల్లో పాడవుతుంది.

కాజీపేట_జంక్షన్:
అన్నా, బ్రిటన్ పాత జెట్ బాంబర్ వల్కన్ ఎక్స్‌హెచ్558 సంగతి చూడండి. 2007లో మళ్లీ ఎగిరింది, 2015లో ఆగిపోయింది. తయారీ కంపెనీలు సాంకేతిక మద్దతు ఆపేశాయి, అది లేకుండా ఎగిరే అనుమతి నిలవదు. అంతకుముందు 2012 మే నెలలో టేకాఫ్ పరుగులో ఉండగా, తేమ పీల్చడానికి పెట్టి మర్చిపోయిన సిలికా జెల్ సంచుల్ని ఒక ఇంజిన్ మింగింది. దాని ముక్కలు పక్క ఇంజిన్‌లోకి పోయి అదీ పోయింది. రెండు ఇంజిన్లు! ప్రతి సంచికీ నంబరు, ఎర్ర రిబ్బను, లోపల పెట్టినప్పుడూ తీసినప్పుడూ రెండు సంతకాలు ఉండాల్సిందే.

హన్మకొండ_హ్యాంగర్:
తమ్మీ, అందుకే పైసలు ఒక్కసారే ఇయ్యొద్దు. ముందుగాల ఇంజిన్ లాగ్‌బుక్ చూడాలె. టర్బైన్ డిస్క్ ఎన్ని సైకిళ్లు (స్టార్ట్ చేసి ఆపిన సార్లు) తిరిగిందో లెక్క లేకుంటే, ఎంత మెరిసినా అది ఎగరడానికి పనికిరాదు. తర్వాత బోరోస్కోప్ (లోపలికి దూర్చే సన్న కెమెరా) పెట్టి కంప్రెసర్, టర్బైన్ బ్లేడ్లు చూడాలె. మెగ్నీషియం భాగాలపై రంగు బుడగలెక్క పొంగినకాడ గీకి చూడుండ్రి, తెల్ల పొడి రాలితే అది తుప్పే. రబ్బరు హోసులు, హైడ్రాలిక్ సీళ్లు పైకి బాగున్నా అన్నీ మార్చుడే. ఎండిన సీలు ప్రెషర్ ఎక్కినంకనే కారుతది.

నడిపేటప్పుడు మొదట ఇంధనం లేకుండ తిప్పి ఆయిల్ ప్రెషర్ చూడాలె. తర్వాత ఇగ్నిషన్ లేకుండ ఇంధనంతోటి తిప్పి లీకులు చూడాలె. అడుగుకు చేరిన ఇంధనం పూర్తిగ కారిపోయేదాక ఆగాలె, లేకుంటే జెట్ పైపుల మంట లేస్తది. ఆ తర్వాతనే స్టార్ట్. ఆపినంక రోటర్ ఎన్ని సెకన్లకు నిలబడ్డదో స్టాప్‌వాచ్‌తోటి రాసుకోవాలె. పోయినసారి కంటే తొందరగ ఆగితే బేరింగు బిగుసుకుంటున్నట్టో, బ్లేడ్లు కేసింగుకు రాసుకుంటున్నట్టో.

కాజీపేట_జంక్షన్:
ఇదంతా నేల మీద నడిపే దశే కదా, దానికి నేనూ సిద్ధం. ఎగరాలంటే ఆపైన, పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటు పేలుడు కార్ట్రిడ్జులు వాడకపోయినా తేదీ దాటితే మార్చాలి. రెక్కల లోపలి దూలం (స్పార్) పరీక్షలు, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి, బీమా ఏటా ఉంటాయి. బ్రిటన్‌లోని షోర్‌హామ్ ఎయిర్‌షోలో 2015లో హంటర్ అనే పాత యుద్ధ జెట్ కూలి 11 మంది చనిపోయాక జనం మధ్య పాత జెట్ విన్యాసాలు సమర్థించడం కష్టం.

మామునూరు_రన్‌వే:
షోర్‌హామ్ విమానం పాతదవడం వల్ల కూలలేదు. గాల్లో నిలువుగా చుట్టు తిరిగే లూప్‌లోకి వేగం చాలకుండా వెళ్లి, పైన ఎత్తు చాలకున్నా కిందికి తిప్పారు. విన్యాసాలు వద్దు, రన్‌వే మీదుగా తిన్నగా వెళ్లే ఫ్లైపాస్ట్ చాలు. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా: హెచ్‌ఏఎల్ మద్దతు రాతపూర్వకంగా వచ్చాకే చందా మొదలవ్వాలి.

హన్మకొండ_హ్యాంగర్:
మార్క్ 1 అయితే వైపర్ ఇంజిన్, మార్క్ 2 అయితే ఆర్ఫియస్. ఏదో తేల్చినంకనే మద్దతు కోసం హెచ్‌ఏఎల్‌కు ఉత్తరం రాయాలె, విడిభాగాల లిస్టే వేరైతది. పగుళ్ల పరీక్షకు వరంగల్ ఎన్‌ఐటీ మెటలర్జీ వాళ్ల సలహా అడగొచ్చు గానీ, ఎగిరే విమానానికి సంతకం ఆమోదం ఉన్న సంస్థదే చెల్లుతది.