‘హౌస్ ఆఫ్ ద డెడ్’లో కెమెరా చుట్టూ తిరిగే షాట్లు: తక్కువ ఖర్చులో తీసే దారి చెప్పండి

సెగా కంపెనీ ఆర్కేడ్ వీడియో గేమ్ ఆధారంగా ఉవే బోల్ తీసిన ‘హౌస్ ఆఫ్ ద డెడ్’ (2003) చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? హాలీవుడ్ లెక్కల్లో చిన్న బడ్జెట్ జాంబీ సినిమా. విమర్శకులు దుమ్మెత్తిపోశారు, కథ కూడా అంతంతమాత్రమే. కానీ శ్మశానంలో జరిగే ఆ పెద్ద ఫైట్ నాకు చాలా ఇష్టం. తుపాకీ పట్టుకుని నిలబడ్డ మనిషి చుట్టూ కెమెరా గిర్రున తిరుగుతుంది. మధ్యమధ్యలో అసలు గేమ్ దృశ్యాలే తెర మీద మెరుస్తాయి. గేమ్ ఆడినవాళ్లకి ఆ ఊపు వెంటనే తెలుస్తుంది.

మేం కొందరు స్నేహితులం కలిసి ఒక జాంబీ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. అలాంటి షాట్ ఒక్కటైనా పెట్టాలని నా పట్టుదల. వరసగా బోలెడు కెమెరాలు పెట్టే స్తోమత లేదు. గుండ్రటి ట్రాక్ మీద కెమెరా తిప్పితే లైట్ స్టాండ్లు ఫ్రేమ్‌లో పడుతున్నాయి, పైగా అది రాత్రి సీను. నటుణ్ని తిరిగే బల్ల మీద నిలబెట్టి గ్రీన్ మ్యాట్‌తో (వెనక పచ్చ తెర కట్టి, తర్వాత దాని స్థానంలో వేరే దృశ్యం కలిపే పద్ధతి) తీస్తే సహజంగా ఉంటుందా? అప్పుడు వెనక కదిలే చెట్లను విడిగా ఎలా తీయాలి? ట్రాకే మేలంటే లైట్లు ఎక్కడ దాచాలి? షూటింగ్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. కెమెరా పని చేసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.