అప్‌డేట్: చిన్నాయన అంగిట్లోని నల్లమచ్చ గురించి

మిర్యాలగూడలో పై దవడ పన్ను తీయించుకున్న మా చిన్నాయనకు గాయం మానడం లేదని, బుగ్గ మొద్దుబారి అంగిట్లో నల్లమచ్చ కనిపిస్తోందని, షుగర్ చాలా ఎక్కువగా ఉందని చెప్పి లోగడ సలహా అడిగాను. వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లమన్న వారందరికీ కృతజ్ఞతలు.

2021లో బ్లాక్ ఫంగస్‌కు నోడల్ కేంద్రంగా ఉన్న కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికే వెళ్లాము. బయాప్సీలో (కండ ముక్క తీసి చేసే పరీక్షలో) మ్యూకర్‌మైకోసిస్, అంటే బ్లాక్ ఫంగసే అని తేలింది. ఈ ఫంగస్ రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసివేస్తుందని, రక్తం అందక చచ్చిన కండే నల్లబడుతుందని, అక్కడికి మందు కూడా సరిగా చేరదు కాబట్టి ఆ భాగాన్ని కోసి తీయక తప్పదని డాక్టరు వివరించారు. పై దవడ ఎముకలో కొంత, అంగిలిలో కొంత తీసేశారు. అదృష్టవశాత్తు కన్ను దక్కింది. ఫంగస్‌ను చంపడానికి ఇచ్చిన యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు మూత్రపిండాలను దెబ్బతీయగలవు కనుక క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు తరచూ చేశారు. షుగర్‌కు ఇన్సులిన్ కొనసాగుతోంది.

ప్రస్తుతం ఫంగస్‌కే పోసకొనజోల్ అనే మాత్రలు వాడుతున్నారు. అంగిట్లోని రంధ్రాన్ని మూసే ప్లేటు పెట్టుకోకపోతే గటక సైతం ముక్కులోంచి వచ్చేస్తోంది, మాట కూడా ముక్కుతోనే వస్తోంది. గాయం పూర్తిగా ఆరిన తరువాత కొత్త కొలతలతో పళ్లున్న ప్లేటు చేస్తామన్నారు.