ఒకే వైన్‌కి ఒకచోట గోల్డ్, ఇంకోచోట సున్నా. అసలు ఈ జడ్జీలు ఎవరు?

పీపా_కాపలా:

అందరికీ నమస్తే. నేనూ మా బావా కలిసి చిన్నగా వైన్ చేస్తుంటాం, ఏడాదికి కొన్ని పీపాలు అంతే. ఈసారి ధైర్యం చేసి మా రెడ్ వైన్‌ని రెండు ప్రాంతీయ పోటీలకు పంపాం. రెండింటికీ వెళ్లింది ఒకే పంట, ఒకే రోజు సీసాల్లో నింపిన సరుకు. మొదటిదాంట్లో గోల్డ్ వచ్చింది. ఇంట్లో పండగే పండగ. మూడు వారాలు తిరక్కుండానే రెండోదాని ఫలితం వచ్చింది, కనీసం బ్రాంజ్ కూడా లేదు. వాళ్లు పంపిన కాగితం మీద ఒకే ఒక్క ముక్క: "వగరు ఎక్కువ, పండు రుచి తక్కువ." మా బావైతే వాళ్లకి అసలు నాలుకలున్నాయా అని రెండు రోజులు అన్నం సయించక తిరిగాడు.

కోపం సంగతి పక్కన పెడితే నాకు నిజంగానే తెలియక అడుగుతున్నాను. ఈ జడ్జీలుగా కూర్చునేవాళ్లు ఎవరు? వాళ్లని ఎవరు, ఏం చూసి పిలుస్తారు? రోజుకి ఎన్ని గ్లాసులు రుచి చూస్తారు, చివరి గ్లాసు దాకా నోరు పనిచేస్తుందా? వచ్చే ఏడాది మళ్లీ ఫీజు కట్టే ముందు ఏం కనుక్కోవాలో కూడా ఎవరైనా చెప్తే పుణ్యం ఉంటుంది.

మూత_తీసేవాడు:

నేను జడ్జిని కాదు, కొన్నేళ్లుగా పోటీల్లో వెనక గదిలో సీసాలు విప్పి గ్లాసుల్లో పోసి మోసే పని చేస్తున్నాను. కాబట్టి చూసింది చెప్తాను.

బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఉంటారు. సాధారణంగా ఒకరు వైన్ తయారుచేసేవాళ్లు, ఒకరు అమ్మకాల వైపు వాళ్లు, ఒకరు రెస్టారెంట్లో సొమెలియే (అంటే అతిథులకి వైన్ ఎంచి వడ్డించే నిపుణుడు), ఒక్కోసారి పత్రికల్లో వైన్ మీద రాసేవాళ్లు. కొందరికి పెద్ద పెద్ద డిగ్రీలుంటాయి. మాస్టర్ ఆఫ్ వైన్ అనేది వాటిలో బాగా కష్టమైనది, 1953లో మొదటిసారి ఆ పరీక్ష పెట్టారు, ఇన్నేళ్లలో పాసైనవాళ్లు వందల్లోనే ఉన్నారు. కానీ చిన్న పోటీల్లో అలాంటివాళ్లు ఒక్కరు దొరికినా గొప్పే. మిగతావాళ్లంతా అనుభవం మీద వచ్చినవాళ్లు, నిర్వాహకులకి తెలిసినవాళ్లు. ఆస్ట్రేలియా పోటీల్లో నాకు నచ్చే పద్ధతి ఒకటుంది. కొత్తవాళ్లని ముందు అసోసియేట్ జడ్జిగా కూర్చోబెడతారు. వాళ్లూ మార్కులు వేస్తారు గానీ లెక్కలోకి తీసుకోరు, పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవడమే పని.

సీసా వాళ్లకి కనపడదు. నంబరు వేసిన గ్లాసు మాత్రమే బల్ల మీదకి వెళ్తుంది. ఒకసారి ఒకావిడ గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చి, తాగకుండానే కింద పెట్టేసి చెయ్యెత్తింది, "రెండో సీసా తీసుకురండి" అని. పక్కనున్న ఇద్దరికీ ఏమీ తెలియలేదు. నేను వెనక్కెళ్లి ఆ మొదటి సీసా వాసన చూశాను, వానకి తడిసిన అట్టపెట్టె వాసన, అదీ బాగా లీలగా. కార్క్ నుంచి వచ్చే టీసీఏ అనే పదార్థం పని అది, లీటరులో కొన్ని నానోగ్రాములున్నా చాలు వైన్ పాడైపోతుంది. రెండో సీసా శుభ్రంగా ఉంది, అది సిల్వర్ కొట్టింది. ఆవిడే లేకపోతే ఆ తయారీదారుడికి కూడా మీలాగే "పండు రుచి తక్కువ" అని ఒక కాగితం వెళ్లేది. ఎందుకంటే టీసీఏ కొంచెంగా ఉన్నప్పుడు ముందు పోయేది పండు వాసనే. మీ విషయంలో రెండో సీసా తీశారో లేదో అడిగి చూడండి.

లెక్కల_పిచ్చి:

ఇవన్నీ వినడానికి బాగుంటాయి గానీ లెక్కలు వేరే కథ చెప్తాయి. రాబర్ట్ హాడ్జ్‌సన్ అని స్టాటిస్టిక్స్ తెలిసిన ప్రొఫెసర్, ఆయనకీ చిన్న వైనరీ ఉండేది, ఆయన వైన్లకీ మీకు జరిగినట్టే జరిగేది. ఆయన కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీ వాళ్లని ఒప్పించి 2005 నుంచి 2008 దాకా ఒక ప్రయోగం చేశాడు. 30 గ్లాసుల వరుసలో ఒకే సీసాలోంచి పోసిన వైన్‌ని మూడుసార్లు, వేర్వేరు నంబర్లతో, జడ్జీలకి తెలియకుండా పెట్టాడు. ఆ మూడింటికీ ఒకే మెడల్ పరిధిలో మార్కులు వేసినవాళ్లు పది మందిలో సుమారు ఒక్కరే. వందకి వేసే మార్కుల్లో మామూలు జడ్జి మార్కు నాలుగు పాయింట్లు పైకో కిందకో ఊగింది. అంటే అదే సీసా అదే పూట ఒకసారి సిల్వర్, ఇంకోసారి ఏమీ లేదు!

దీని మీద ఒక లెక్క. ఒక మోస్తరు వైన్‌కి ఏ పోటీలోనైనా గోల్డ్ వచ్చే అవకాశం పది శాతం అనుకుందాం. ఐదు పోటీలకి పంపితే ఎక్కడో ఒకచోట గోల్డ్ తగిలే అవకాశం 41 శాతం. సీసా మీద స్టిక్కర్ వేసుకోడానికి ఆ ఒక్కటి చాలు కదా. అందుకే అంటాను, మీకొచ్చిన గోల్డ్‌ని కూడా మరీ నమ్మకండి 😄

వగరు_రాజా:

లెక్కల పిచ్చి గారూ, ఆ ప్రొఫెసర్ రాసిన పరిశోధన పేపర్ నేనూ చదివాను. మీరు వదిలేసిన ముక్కలు రెండున్నాయి. ఆయన లెక్కించింది చర్చకి ముందు ఎవరికి వారు వేసిన మార్కులు. మెడల్ మాత్రం బల్ల దగ్గర మాట్లాడుకున్నాక తేలుతుంది. రెండోది, జడ్జీలు తమకి నచ్చినవాటికంటే నచ్చనివాటి విషయంలో నిలకడగా ఉన్నారని ఆయనే రాశాడు. నేను నాలుగైదు పోటీల్లో కూర్చున్నవాణ్ణి, నా అనుభవమూ అదే. చెడిన వైన్‌ని పట్టుకోవడం మా అసలు పని. నెయిల్ పాలిష్ వాసనో, గుర్రాలశాల వాసనో, కుళ్లిన గుడ్డు వాసనో వస్తే బల్లంతా దాదాపు ఒకే మాట మీద ఉంటుంది. బాగున్న వైన్‌కీ చాలా బాగున్న వైన్‌కీ మధ్య తేడా దగ్గరే గొడవంతా.

పీపా కాపలా గారూ, నోరు పనిచేస్తుందా అని అడిగారు కదా, మొద్దుబారుతుందండీ, ఎందుకు బారదు. మింగం, ప్రతిదీ ఉమ్మేస్తాం, అయినా రెడ్ వైన్లు ఇరవై దాటేసరికి నాలుక మీద గోనెపట్టా పరిచినట్టు ఉంటుంది. వైన్‌లోని టానిన్ ఉమ్మిలో ఉండే ప్రోటీన్లని పట్టేసుకుంటుంది, జిగురు పోతుంది, ఆ ఎండిపోయిన ఫీలింగే వగరు. ఒక గ్లాసు వగరు దాని తర్వాత గ్లాసు మీద పడుతుంది. నీళ్లు తాగుతాం, ఉప్పు లేని బిస్కట్ కొరుకుతాం, కాస్త ఆగుతాం. నేనైతే వరుసని ఒకసారి ముందు నుంచి, ఇంకోసారి చివరి నుంచి చూస్తాను, మధ్యలో ఇరుక్కున్న గ్లాసుకి అన్యాయం జరగకూడదని. అందరూ అలా చెయ్యరు, టైం ఉండదు.

ప్రాంతీయ పోటీల్లో ఇంకో తంటా ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. అక్కడి వైన్ మేకర్లనే జడ్జీలుగా పిలిస్తే, వాళ్లకి ఆ నేల, ఆ ద్రాక్ష బాగా తెలుసు. కానీ సొంత పీపాల వాసనకి అలవాటుపడిన ముక్కు ఆ వాసనలోని తప్పుని పట్టుకోదు. బయటినుంచి వచ్చినవాళ్లు పట్టుకుంటారు, కాకపోతే ఆ ప్రాంతపు సహజ గుణాన్ని కూడా తప్పు కిందే జమ కట్టేస్తారు. ఒకసారి మా బల్ల దగ్గర ఒక గ్లాసు మీద పావుగంట వాదన. స్థానికుడు "మా దగ్గర ఇంతే, పులుపు ఇలాగే ఉంటుంది" అంటాడు, బయటి ఆవిడ "పండకముందే కోశారు" అంటుంది. చివరికి ప్యానెల్ పెద్ద ఇద్దరినీ మళ్లీ రుచి చూడమన్నాడు, స్థానికుడే తగ్గాడు. ఇద్దరూ ఉన్న బల్లే మంచి బల్ల. అందరూ స్థానికులే ఉన్న పోటీకి నేనైతే పంపను. తన వైన్ వచ్చే వరుసలో తయారీదారుడు కూర్చోకూడదనే నియమం ఉందో లేదో కూడా కనుక్కోండి.

ఇంకోటి, పోటీలో ఎంతమందికి మెడల్స్ ఇస్తున్నారో చూడండి. ద్రాక్ష, వైన్ల అంతర్జాతీయ సంస్థ ఓఐవీ నియమాలతో నడిచే పోటీల్లో మొత్తం శాంపిల్స్‌లో 30 శాతానికి మించి మెడల్స్ ఇవ్వకూడదు. పంపినవాళ్లలో ముప్పావు మందికి పతకం తగిలించే చోట గోల్డ్ వచ్చినా దాని బరువెంత?

చివరిగా నాదో ప్రశ్న. రెండు పోటీలకీ పంపిన సీసాలు ఒకే పీపావేనా?

పీపా_కాపలా:

అబ్బా... దొరికిపోయాను. కాదండీ. రెండు పీపాల్ని కలపకుండానే ఒకే రోజు విడివిడిగా నింపాం. బావ నోట్‌బుక్ తీసి చూస్తే, గోల్డ్ వచ్చినవి పాత పీపావి, రెండో పోటీకి వెళ్లినవి కొత్త ఓక్ చెక్క పీపావి. ఒకే వైన్ అని మేమే అనుకున్నాం. కొత్త ఓక్ వల్ల వగరు పెరుగుతుంది కదా, ఆ జడ్జీలు తిట్టింది దాన్నేనేమో. నిర్వాహకులకి ఫోన్ చేశాను, రెండో సీసా తీయలేదట, విడివిడి మార్కులు మాత్రం చెప్పారు: 88, 79, 78. ఆ 88 వేసినాయన ఎవరో గానీ మా బావ ఆయన్ని దేవుణ్ణి చేసేశాడు.

మూత_తీసేవాడు:

అయితే ఇంట్లోనే తేల్చుకోండి. మూడు గ్లాసులు పెట్టండి, రెండింట్లో ఒక పీపాది, మూడోదాంట్లో రెండో పీపాది. పోసేవాళ్లు వేరే గదిలో పోసి, నంబర్లేసి, మీ మొహాలు చూడకుండా ఇంకొకరి చేత పంపాలి. వేరేది ఏదో చెప్పాలి, అంతే. ఒక్కసారి కాదు, కొన్నిసార్లు.

పీపా_కాపలా:

నిన్న రాత్రి చేశాం. అక్కయ్య పోసింది, అమ్మాయి గ్లాసులు తెచ్చిపెట్టింది. ఆరుసార్లలో బావ ఐదుసార్లు సరిగ్గా పట్టుకున్నాడు, అదీ "ఇదే, నోరు పీకుతోంది" అంటూ. నేను రెండుసార్లు. కళ్లు మూసుకుని చెప్పినా ఆరింట్లో రెండు వస్తాయని లెక్కల పిచ్చి గారు చెప్పేలోపే నేనే చెప్పేస్తున్నాను. వచ్చే ఏడాది రుచి చూసే పని బావది, ఫారాలు నింపే పని నాది.