బిల్లులో లేబర్ సెస్ కట్ చేస్తున్నారు కదా, ఆ డబ్బుతో కాంట్రాక్టర్‌కి ట్రైనింగ్ ఇవ్వరా? (గుణుపురం, ఒడిశా)

గుణుపురం తాపీ:
అందరికీ నమస్కారం. పొద్దున్నించీ ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది, తెలిసినోళ్ళు కాస్త చెప్పండి. నాది చిన్న కాంట్రాక్టు, స్కూలు గదులు కల్వర్టులు లాంటి బ్లాక్ ఆఫీసు (మన మండలం లాంటిది) పనులు చేస్తుంటాను. ప్రతి బిల్లులో సెస్ అని ఒక శాతం పోతుంది. నాకేమో డ్రాయింగ్ చదవడం, ఎస్టిమేట్ వేయడం, ఆన్‌లైన్లో టెండర్ వేయడం పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది, మా మేస్త్రీలు నలుగురికీ సర్టిఫికెట్లు కూడా ఇప్పించాలి. ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎనభై వేలు అడిగారు. మా దగ్గర తీసుకున్న డబ్బులోంచే ఫీజు ఇమ్మని ఆఫీసులో అడిగితే నీకు వర్తించదు పో అన్నారు, ఎందుకు వర్తించదో చెప్పరు. కార్మికుల బోర్డు పోర్టల్లో పేరు ఎక్కిద్దామంటే ముందుకే వెళ్ళట్లేదు. ఏటి చెయ్యాలి?

జయపురం రాడ్ బెండర్:
ఆధార్ ఏ స్టేట్?

పర్లాకిమిడి సివిల్:
తమ్ముడూ, ముందు ఒక సంగతి తేల్చుకో. ఆ ఒక శాతం నీ డబ్బు కాదు, నీ దగ్గర పనిచేసే కూలీలది. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం, దానితో పాటే సెస్ చట్టం వచ్చాయి, నిర్మాణం ఖర్చులో 1 నుంచి 2 శాతం దాకా వసూలు చెయ్యొచ్చు అని రాశారు, వసూలు చేసేది 1 శాతం. అది వెల్ఫేర్ బోర్డుకి వెళ్తుంది. బోర్డులో కార్డు ఉన్న కార్మికుడికే దాన్నించి ఏదైనా వస్తుంది. కార్డు కావాలంటే 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండాలి, గడిచిన ఏడాదిలో 90 రోజులు కట్టుబడి పని చేసి ఉండాలి. కాంట్రాక్టు తీసుకుని పని చేయించేవాడు ఆ చట్టం లెక్కలో యజమాని. అందుకే వర్తించదు అన్నారు.

గుణుపురం తాపీ:
అన్నా నేను కూడా తాపీ పడతాను, కుర్చీలో కూర్చునే రకం కాదు. ఆంధ్రాలో పనులు చేసినప్పుడు న్యాక్ అని పట్టుకునేవారు, అది ట్రైనింగ్‌కే అని చెప్పేవారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

పర్లాకిమిడి సివిల్:
ఆంధ్రాలో చేశావా, అది ముందు చెప్పాలి కదా. ఆ రెండూ వేరు. న్యాక్ అంటే హైదరాబాదులో 1998లో పెట్టిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, దాని కోసం అక్కడ ఎస్టిమేట్లోనే ఒక చిన్న లైన్ వేస్తారు. ఇక్కడ నీ బిల్లులో పోయేది కార్మికుల సంక్షేమానికి.

బరంపురం పాత జేఈ:
మీరందరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. అసలు ట్రైనింగ్‌లో ఏం నేర్పిస్తారో ఎవరైనా అడిగారా? నేను సర్వీసంతా సైట్ల మీదే ఉన్నాను, మన మేస్త్రీల్లో సగం మంది స్లాబ్ వేసిన మూడో రోజుకే తడపడం మానేస్తారు. కాంక్రీటు పనులకి రూల్ బుక్ ఐఎస్ 456 ఏం చెప్తుంది, మామూలు ఓపీసీ సిమెంట్‌కి కనీసం 7 రోజులు తడపాలి, ఇప్పుడు అందరూ వాడుతున్న, బూడిద కలిపిన పీపీసీ సిమెంట్‌కి 10 రోజులు, మన రాయగడ వైపు లాంటి ఎండల్లో అయితే పీపీసీకి 14 దాకా తడపమంటుంది. స్లాబ్ కింద ప్రాప్స్ (ఆసరా కర్రలు) తీయడం కూడా అంతే, స్లాబ్ స్పాన్ నాలుగున్నర మీటర్ల లోపు అయితే 7 రోజులు, దాటితే 14. సెంట్రింగ్ అద్దె మిగుల్తుందని ముందే పీకేస్తారు, తర్వాత పగుళ్ళొచ్చాయని సిమెంట్ కంపెనీని తిడతారు. ఎనభై వేలు కట్టక్కర్లేదు బాబూ, సిమెంట్ కంపెనీల ఇంజనీర్లు మేస్త్రీల మీటింగులు ఊరికే పెడతారు, డీలర్‌ని అడుగు.

జయపురం రాడ్ బెండర్:
గురువుగారూ ఆయన అడిగింది ఫీజు గురించి.

బరంపురం పాత జేఈ:
ఫీజు కట్టి నేర్చుకున్నాక కూడా తడపకపోతే ఆ ఫీజు దండగ. నేను చెప్పేది అదే.

రాయగడ సెంట్రింగ్:
పర్లాకిమిడి అన్నగారు చెప్పింది సగమే కరెక్టు. తాపీ పట్టుకుని చేసేవాడు కార్మికుడు అవ్వడా? మా దగ్గర మేస్త్రీలు అందరూ పని పట్టుకుంటారు, వాళ్ళూ చేస్తారు, నలుగురితో చేయిస్తారు. వాళ్ళందరినీ యజమానులు అంటే ఇంక కార్డు ఎవరికి?

పర్లాకిమిడి సివిల్:
మేస్త్రీకి రాదని నేను అనలేదు. ఆ 1996 చట్టంలో అప్పట్లో తీసేసింది మేనేజర్ పనులు చేసేవాళ్ళని, ఇంకా నెలకి 1600 రూపాయల పైన జీతం తీసుకునే సూపర్‌వైజర్‌ని. 1600 అనేది 1996 నాటి అంకె, ఈ రోజుల్లో ఒక వారం కూలీ కూడా కాదు, ఆ అంకె పట్టుకుంటే ఏ సూపర్‌వైజరూ మిగలడు. కానీ చేత్తో ఇటుక పేర్చే మేస్త్రి సూపర్‌వైజర్ కాదు, పనివాడే, అతనికి కార్డు ఇవ్వాలి. ఈయన తన పేరు మీద లైసెన్స్ తీసుకుని బిల్లు పెడుతున్నాడు, తేడా అక్కడే. తమ్ముడూ నీకు లైసెన్స్ ఉందా?

గుణుపురం తాపీ:
ఉంది అన్నా, డి క్లాస్. ఆధార్ పార్వతీపురం వైపు మా ఊరిది, మార్చలేదు. మేస్త్రీల్లో ఇద్దరివీ అక్కడివే, ఇద్దరు ఇక్కడి వాళ్ళు.

జయపురం రాడ్ బెండర్:
అందుకే పోర్టల్ ముందుకెళ్ళట్లేదేమో. బోర్డు రాష్ట్రానిది. మేస్త్రీలకి పీఎం విశ్వకర్మ చూడు, చేతివృత్తుల వాళ్ళకి కేంద్రం పెట్టిన స్కీము.

రాయగడ సెంట్రింగ్:
అవును విశ్వకర్మ బాగుంటుంది, మా తమ్ముడు చేశాడు. 2023 సెప్టెంబర్ 17న మొదలైంది, 18 వృత్తుల్లో తాపీ మేస్త్రీ, వడ్రంగి రెండూ ఉన్నాయి. బేసిక్ ట్రైనింగ్ 5 నుంచి 7 రోజులు, రోజుకి 500 స్టైపెండ్ ఇస్తారు, పనిముట్లకి 15 వేలు, తర్వాత లక్ష లోను, అది తీరిస్తే ఇంకో రెండు లక్షలు, వడ్డీ 5 శాతం. సీఎస్‌సీలో (ఆన్‌లైన్ సేవా కేంద్రం) ఆధార్, బ్యాంకు బుక్ ఇచ్చి అప్లై చెయ్యాలి, పంచాయతీ వాళ్ళు సరే అనాలి, అందుకని ఏ ఊరి అడ్రస్ ఉంటే ఆ ఊళ్ళోనే తిరగాలి. ఒక ఇంట్లో ఒక్కరికే ఇస్తారు, ఇల్లంటే భార్యాభర్తలు, పెళ్ళి కాని పిల్లలు. గడిచిన ఐదేళ్ళలో ముద్రా లోను తీసుకుని ఇంకా తీర్చనోళ్ళకి కుదరదు.

గుణుపురం తాపీ:
నాకు ముద్రా నడుస్తోంది అన్నా. కాంక్రీటు కలిపే మిల్లరు కొన్నాను.

రాయగడ సెంట్రింగ్:
అయితే అది తీరేదాకా నువ్వు ఆగాలి. మేస్త్రీల చేత పెట్టించు.

పర్లాకిమిడి సివిల్:
నీ కోర్సుకి స్కిల్ లోను అని ఒకటుంది, బ్యాంకులిస్తాయి. 2015లో పెట్టినప్పుడు 5 వేల నుంచి లక్షన్నర దాకా ఉండేది, 2024 జులైలో ఏడున్నర లక్షలకి పెంచారు. తాకట్టు అడగకూడదు. ఏడాది లోపు కోర్సు అయితే అది అయ్యాక ఆరు నెలలకి కట్టడం మొదలు. కానీ ఎక్కడ పడితే అక్కడ చేరితే రాదు, ఐటీఐ, పాలిటెక్నిక్, లేదా స్కిల్ కార్పొరేషన్ గుర్తించిన సెంటర్ అయ్యుండాలి. నిన్ను ఎనభై వేలు అడిగినవాళ్ళని ఆ గుర్తింపు కాగితం చూపించమను. చూపించకపోతే ఒక్క రూపాయి కట్టకు, మన చిన్న కాంట్రాక్టర్లు ఇలాగే మోసపోతున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది. రాయగడలో, బరంపురంలో గవర్నమెంటు పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, సివిల్ వాళ్ళని వెళ్ళి అడుగు, చిన్న కోర్సులు పెడతారేమో.

ఇంకోటి, మేస్త్రీలకి పని వచ్చు, కాగితం లేదు అంతే కదా, వాళ్ళకి ఆర్‌పీఎల్ సరిపోతుంది. వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు.

బరంపురం పాత జేఈ:
ఆర్‌పీఎల్ పరీక్షలో క్యూరింగ్ అడగాలి.

గుణుపురం తాపీ:
సరే అన్నా థాంక్స్. సోమవారం మేస్త్రీలని సీఎస్‌సీకి తీసుకెళ్తాను. నా సంగతి బ్యాంకులో అడుగుతాను.

మల్కన్‌గిరి టైల్స్:
అన్నా టైల్స్ పనోళ్ళు విశ్వకర్మలో తాపీ కింద వస్తారా? నాకూ చెప్పండి