ఆధారం −2 లో పూర్ణసంఖ్యలు: అంకెల్లో −1 ఎందుకు వస్తోంది?

ప్రశ్న:
సంఖ్యామానానికి ఆధారంగా 2కు బదులు −2ను తీసుకుంటే, 0, 1 అనే రెండే అంకెలతో, ముందు రుణ గుర్తు పెట్టే అవసరం లేకుండా పూర్ణసంఖ్యలన్నిటినీ రాయవచ్చని చదివి, సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. సంఖ్యను −2తో భాగిస్తూ, శేషాలను కుడి నుంచి ఎడమకు పేర్చడమే దాని పని. 4కు 100, 5కు 101 సరిగానే వచ్చాయి. 13కు మాత్రం −1, 1, 0, 1 అని వచ్చింది. విప్పి చూస్తే 8 + 4 + 0 + 1, అంటే 13 అవుతూనే ఉంది! పొరపాటు ఎక్కడుంది? ధన సంఖ్యలకు బేసి సంఖ్యలోను, రుణ సంఖ్యలకు సరి సంఖ్యలోను అంకెలు వస్తాయన్న మాట ఎప్పుడూ నిజమేనా?

జవాబు 1:
మీ భాగహారం తప్పు కాదు. శేషం 0 గాని 1 గాని అయి తీరాలన్న షరతు తప్పిపోయింది, అంతే. −1ని −2తో భాగిస్తే సీ భాష భాగఫలం 0, శేషం −1 అంటుంది. శేషం రుణాత్మకమైనప్పుడల్లా దానికి 2, భాగఫలానికి 1 కలపండి; −1 = (−2) × 1 + 1 కనుక విలువ మారదు. అప్పుడు లెక్క 13, −6, 3, −1, 1, 0 అని నడిచి 11101 వస్తుంది, అంటే 16 − 8 + 4 + 1. పైథాన్‌లో 13ను −2తో భాగించినా శేషం −1 అనే వస్తుంది గాని, అక్కడా ఇదే సవరణ సరిపోతుంది.

జవాబు 2:
రెండో సందేహానికి: 0ను పక్కన పెడితే, ఎప్పుడూ నిజమే. స్థాన విలువలు కుడి నుంచి 1, −2, 4, −8, 16 అని సాగుతాయి. మూడంకెల సంఖ్యలో 4 తప్పక ఉంటుంది. దాన్ని తగ్గించగలిగింది −2 ఒక్కటే, పెంచగలిగింది 1 ఒక్కటే కాబట్టి, అది 2కు దిగువకు పోదు, 5కు మించదు. అయిదంకెలవి 6 నుంచి 21 వరకు, నాలుగంకెలవి −10 నుంచి −3 వరకు ఉంటాయి. ఎడమ చివరి అంకెను మిగిలినవన్నీ కలిసినా ఓడించలేవు. 1తో మొదలయ్యే మూడంకెల కూర్పులు నాలుగే, 2 నుంచి 5 వరకు ఉన్న సంఖ్యలూ నాలుగే. ఒక మెట్టు ముగిసిన చోటే తరువాతిది మొదలవడం నాకు ఇందులో అన్నిటికంటే ముచ్చటగా తోస్తుంది.

జవాబు 3:
భాజనీయతా సూత్రం ఒకటి చేరుస్తాను. దశాంశ మానంలో 10 − 1 = 9 కనుక అంకెల మొత్తంతో 9 భాజనీయతను తేల్చుతాం. ఇక్కడ −2 − 1 = −3 కనుక అదే పని 3కు జరుగుతుంది: 21ని 10101 అని రాస్తాం, అంకెల మొత్తం 3. ఈ రుణ ఆధారాలను ఇటలీకి చెందిన విత్తోరియో గ్రూన్‌వాల్డ్ 1885లోనే చర్చించారు. 1950ల చివర్లో పోలండ్‌లో −2 ఆధారంగా ప్రయోగాత్మక కంప్యూటరు కూడా తయారైంది. అయితే ఎనిమిది స్థానాలతో −170 నుంచి 85 వరకే అందుతుంది. ఇంత ఒంటిపక్క మొగ్గు యంత్రానికి ఇబ్బందే.

ప్రశ్న వేసినవారు:
సవరించాక −13కు 110111 వచ్చింది, కృతజ్ఞతలు. కాని చేత్తో 11కు 1 కలిపితే, అంటే −1కి 1 కలిపితే, 0 రావలసింది పోయి మిగులు ఎడమకు అంతులేకుండా పోతోంది.

జవాబు 2 ఇచ్చినవారు:
ఒక స్థానంలో 2 చేరి, దాని ఎడమన 1 ఉంటే, మిగులు మోయకుండా రెండిటినీ కొట్టివేయండి. −2 + 2 సున్నాయే కదా.