పవిత్రాత్మ పండుగ ముందు శుక్రవారం ప్రార్థన: వాలంటీర్లందరూ ఇక్కడే మాట్లాడండి

కావలి అన్న (సమన్వయం):
అందరికీ వందనాలు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆర్సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబాల తరఫున కరిస్మాటిక్ ప్రార్థనకి, అంటే పాటలతో, చేతులెత్తి పవిత్రాత్మ వరాలు అడిగే ప్రార్థనకి, అడిగిన హాలు ఖాయమైంది. కువైట్ సిటీలో చర్చి కాంపౌండులోదే. శుక్రవారం మధ్యాహ్నం 1 నుంచి 5 దాకా మనది. నవదిన జపాల్లో అది ఎనిమిదో రోజు. షరతులు మామూలే. బయట బ్యానర్ కట్టకూడదు, మైకు మోత హాలు గోడ దాటకూడదు, 5 అయ్యేసరికి కుర్చీలు సర్ది తాళం అప్పజెప్పాలి. మన తర్వాత వేరే భాషవాళ్ళకు ఇచ్చారు.

ఈ టైమే ఎందుకంటే, ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళ కోసం. శుక్రవారం సెలవు దొరికేదే కొందరికి. దొరికినా ఆరింటికల్లా మేడమ్ ఇంట్లో ఉండాలి. ఉదయం చర్చిలో తెలుగు పూజ (మాస్) చూసుకుని అటునుంచి అటే హాలుకి వచ్చేస్తారు.

ఒక సంగతి తేలాలి. "మహా స్వస్థత సభ" అని ఒక పోస్టర్ నిన్నట్నుంచి గ్రూపుల్లో తిరుగుతోంది. మనం కూర్చుని ఒప్పుకున్నది కాదు అది. తేలేదాకా ఎవరూ ముందుకు పంపొద్దు.

ఉదయగిరి తమ్ముడు (పాటలు):
చేసింది నేనే అన్నా, దాచేదేముంది. స్వస్థత అన్న మాట లేకపోతే జనం ఎట్టా వస్తారు? రాపూరు అక్కలు నన్ను అడిగింది ఒకటే, "తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తారా?" అని. ఒకామెకు నడుం నొప్పి, ఒకామెకు నిద్ర పట్టదు, అందరికీ ఇంటికాడ బిడ్డల బెంగ. మా అమ్మ గూడూరులో రైలెక్కి కేరళ మురింగూరు డివైన్ సెంటరుకి పొయ్యి, తెలుగు ధ్యానంలో కూర్చుని వచ్చినాకే మళ్ళీ మనిషైంది. మా ఇంట్లో అందరం చూశాం.

ఊరినించి నాకు తెలిసిన ప్రసంగీకుడు ఒకాయన ఉన్నాడు, వీడియోలో మాట్లాడిద్దాం. ఆయన గొంతెత్తితే హాలు ఊగిపోద్ది.

కందుకూరు పెద్దాయన (లెక్కలు):
ఊగడమే నాకు భయం నాయనా. మా ఊళ్ళో ఫాదర్ గారు పూజ చేస్తుంటే సూది పడినా వినపడేది. ఇప్పుడు చప్పట్లు, చేతులెత్తి ఏడుపులు, ఎవరికీ అర్థంకాని భాషలు. ఇది మన పద్ధతేనా, పెంతెకోస్తు వాళ్ళ దగ్గర్నించి ఎత్తుకొచ్చిందా? చందా ఇస్తాను, లెక్క రాస్తాను, కానీ దీనికి సంఘం పేరు తగిలించడం నాకు ఇష్టం లేదు.

ఒంగోలు వదిన (భోజనాలు):
పెద్దాయనా, చేతులెత్తి ఏడవడం మీకు నచ్చదు, సరే. ఈసారి ముందు వరసలో కూర్చుని ఆ చేతులు చూడండి. క్లోరాక్స్ బ్లీచుకి వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి ఉంటది. అరబ్బు ఇంట్లో గట్టిగా ఏడవడానికి చోటెక్కడిది, బాత్రూములో కుళాయి తిప్పి ఏడుస్తారు. ఇక్కడన్నా నోరు విప్పనీండి.

నాదొక ప్రశ్న. నేను పుట్టింది బాప్టిస్టు ఇంట్లో, పెళ్ళయ్యాక ఆర్సీఎం. మా చెల్లెలు సాల్మియాలో ఉంది, బాగా పాడుతుంది. రావచ్చా?

కావలి అన్న (సమన్వయం):
వదినా, నిరభ్యంతరంగా రమ్మను. 1878లో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మనుషులు ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన జిల్లా మనది. చుట్టరికం కలవని ఇల్లు ఒంగోలు చుట్టుపక్కల ఎక్కడుంది? ప్రార్థనలో, పాటలో కలవొచ్చు. పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం సంగతి వేరు, అది మామూలుగా కాథలిక్కులకే, ఆ అమ్మాయికీ తెలిసే ఉంటుంది.

పెద్దాయనా, మీ అనుమానం కొట్టిపారెయ్యాల్సింది కాదు. ఫ్రాన్సిస్ పోపు గారికీ మొదట్లో ఇదే అనుమానం. అర్జెంటీనాలో కరిస్మాటిక్ వాళ్ళ ప్రార్థనలు చూసి సాంబా డాన్సు నేర్పే బడిలా ఉందనుకున్నానని 2014లో రోమ్ ఒలింపిక్ స్టేడియంలో, నిండా కూర్చున్న కరిస్మాటిక్ వాళ్ళ ముందే చెప్పారు. తర్వాత దగ్గర్నించి చూసి మనసు మార్చుకున్నారు.

పెంతెకోస్తు వాళ్ళ ప్రభావం లేదని నేననను, ఉంది. కానీ మొదలైంది మన ఇంట్లోనే. 1967 ఫిబ్రవరిలో, అమెరికాలో పిట్స్‌బర్గ్ ఊరి డుకేన్ యూనివర్సిటీ విద్యార్థులు, అధ్యాపకులు కొందరు శని ఆదివారాలు ధ్యానానికి వెళ్ళి, అపొస్తలుల కార్యాలు చదువుకుని ప్రార్థిస్తుంటే వచ్చిన అనుభవం అది. ఆ యూనివర్సిటీ పవిత్రాత్మ సభ గురువులు పెట్టిందే కావడం నాకు భలే అనిపిస్తుంది. అప్పటికి ప్రపంచంలోని కాథలిక్ బిషప్పులు కూర్చున్న రెండో వాటికన్ మహాసభ ముగిసి ఏడాది దాటిందంతే. ఆత్మ వరాలు అపొస్తలుల కాలంతో అయిపోలేదని ఆ సభలో కార్డినల్ సూనెన్స్ గారు గట్టిగా వాదించారు. తిరుసభ (కాథలిక్ చర్చి) గురించి ఆ సభ ఇచ్చిన పత్రం 12వ పేరాలో ఆ సంగతి ఉంది. వరాలు గొప్పవైనా సాదాసీదావైనా కృతజ్ఞతతో అందుకోవాలి. అవి నిజమైనవో కాదో తేల్చే పని తిరుసభ అధికారులది, వాళ్ళు కూడా ఆత్మను ఆర్పెయ్యకూడదు. 1975లో పవిత్రాత్మ పండుగ రోజుల్లో రోమ్‌లో జరిగిన కరిస్మాటిక్ వాళ్ళ మహాసభతో 6వ పౌలు పోపు గారు స్వయంగా మాట్లాడారు.

భాషల సంగతి అడిగారు. పౌలు గారు కొరింతు వాళ్ళకి రాసిన మొదటి లేఖ 14వ అధ్యాయంలో పెట్టిన కట్టడి చాలు మనకి: ఇద్దరు, మహా అయితే ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు, అర్థం చెప్పేవాళ్ళు లేకపోతే సభలో మౌనం. కాబట్టి మైకులో భాషలు ఉండవు. ఎవరి కుర్చీలో వాళ్ళు మెల్లగా ప్రార్థించుకుంటే నేనెవర్ని ఆపడానికి?

ఇక కరిస్మాటిక్ ప్రార్థనలో అడిగే ఆత్మాభిషేకం అన్నది, మన ఏడు సంస్కారాలకి తోడు ఎనిమిదోదేం కాదు. జ్ఞానస్నానంలో, భద్రమైన అభ్యంగనంలో (కన్ఫర్మేషన్) మనకిచ్చిందే, బూడిద కప్పిన నిప్పులా ఉంటే ఊది రాజెయ్యడం. అందుకే పూజ నుంచి, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) నుంచి విడదీసిన కరిస్మాటిక్ ప్రార్థన మీద నాకు నమ్మకం లేదు. హాలులో ఏడ్చి, పై శుక్రవారం నుంచి పూజకే రాకపోతే అది ఎందుకు పెట్టినట్టు?

తమ్ముడూ, ఇప్పుడు నీ పోస్టర్. స్వస్థత కోసం ప్రార్థించకూడదని ఎవరూ అనడం లేదు. దానికి రోమ్ పెట్టిన హద్దులున్నాయి. 2000 సంవత్సరంలో విశ్వాస సిద్ధాంత విభాగం ఒక సూచన ఇచ్చింది, దాని అధ్యక్షుడు అప్పట్లో కార్డినల్ రాట్సింగర్, తర్వాత 16వ బెనెడిక్ట్ పోపు అయినాయనే. వ్యాధిగ్రస్తుల కోసం ఉన్న ఆరాధన క్రమాలు వేరు. అవి కాక ఇలాంటి స్వస్థత ప్రార్థనల్ని పూజలో కలపకూడదు. విడిగా జరిపినా పూనకాలు, నాటకీయత, ఆర్భాటం ఉండకూడదు. "మహా" అన్న మాటే ఆర్భాటం కదా. ఊగించే ప్రసంగీకుడు కూడా వద్దు, మన తెలుగు ఫాదర్ గారే మాట్లాడతారు. వీడియోలో ఎవరు ఏమంటారో మన చేతిలో ఉండదు, మన విచారణకు (పారిష్‌కి) జవాబు చెప్పాల్సింది మనం.

గూడూరు అక్క (నర్సు):
సాక్ష్యాల గురించి ఇప్పుడే తేల్చండి. ఇంతకుముందు వేరేచోట ఒక కూటం తర్వాత మనామె ఒకరు "నాకు నయమైపోయింది" అని షుగరు మాత్రలు ఆపేసింది. రెండు వారాలకు కళ్ళు తిరిగి పడిపోతే మేడమ్ తీసుకొచ్చి మా వార్డులో పడేసింది. మాత్రలు ఆపమని స్టేజీ మీద ఎవరూ అనలేదంట. ఆపొద్దని కూడా ఎవరూ అనలేదు.

కాబట్టి నా షరతు ఇది. సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందురోజు నాతోనో ఫాదర్ గారితోనో మాట్లాడాలి. జబ్బు పోయింది అనేవాళ్ళ దగ్గర డాక్టరు కాగితం లేకపోతే మైకు లేదు. మందులు ఆపొద్దని ఫాదర్ గారే తన నోటితో చెప్పాలి, మేం చెబితే వినరు. గుమ్మం పక్కన బల్ల వేసి బీపీ, షుగరు నేను చూస్తాను. ప్రార్థన చేయించుకునేవాళ్ళు ముందు నా బల్ల దాటుకునే పోవాలి, అట్టా వెయ్యండి కుర్చీలు.

ఉదయగిరి తమ్ముడు (పాటలు):
సరే అక్కా. "మహా" తీసేస్తాను, "స్వస్థత" కూడా తీసేస్తాను. కానీ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన మాత్రం ఉండాలన్నా. అది కూడా లేకుండా పంపిస్తే వాళ్ళు పోయిపోయి ఫ్లాటుల్లో జరిగే కూటాల్లో తేలతారు. అక్కడ అడిగేవాడు లేడు, కానుకల డబ్బా మాత్రం ఉంటది.

కావలి అన్న (సమన్వయం):
ఆ మాట నిజం తమ్ముడూ, దాన్ని నేను కాదనలేను. ఉంటుంది. ఫాదర్ గారితో పాటు ఆయన ఎంచిన నలుగురు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళే. వెనక్కి తొయ్యడం, పడితే పట్టుకోవడానికి మనుషుల్ని నిలబెట్టడం ఉండవు. కానుక ఎత్తడం లేదు. ఖర్చుకి పెద్దాయన దగ్గర ఉన్న చందా సరిపోతుంది.

వరస ఇట్లా అనుకున్నాం. 1 గంటకి భోజనం, కడుపు కాలుతుంటే స్తుతి ఏం సాగుతుంది. 1:45కి పాటలు. తర్వాత ఫాదర్ గారి ప్రసంగం, అరగంట దాటితే నేనే గంట కొడతాను, ఆయనకీ చెప్పాను. పాపసంకీర్తనానికి ఇద్దరు గురువులు మొదట్నుంచీ పక్క గదిలో ఉంటారు, వరస పెద్దదవుతుంది కాబట్టి పాటల టైములోనే జనాన్ని పంపండి. సాక్ష్యాలు రెండే. చివరి గంట సత్ప్రసాద ఆరాధన. ఆ గంటలో మైకు ఫాదర్ గారిదే, కీబోర్డు మెల్లగా, డోలక్ ఆపెయ్యాలి. చేతులుంచి చేసే ప్రార్థన ఆరాధనకి ముందే అయిపోవాలి.

తర్వాతి ఏడు వారాలకి "ఆత్మలో జీవితం" అనే కరిస్మాటిక్ పాఠాలు పెడదామనుకున్నాం, కానీ ఏడు శుక్రవారాలు వరసగా ఎవరికి సెలవు దొరుకుతుంది? ఫాదర్ గారు పాఠాన్ని పావుగంట ఆడియోగా చేసి పంపుతానన్నారు. ఇస్త్రీ చేసుకుంటూ వింటారు. ఇంకోటి. కరిస్మాటిక్ వాళ్ళ కోసం 2019 నుంచి పనిచేస్తున్న వాటికన్ కారిస్ సంస్థకి ఫ్రాన్సిస్ పోపు గారు అప్పజెప్పిన మూడు పనుల్లో ఆత్మాభిషేకం, క్రైస్తవుల ఐక్యతతో పాటు పేదల సేవ ఉంది. ఆస్పత్రిలో పడి, చూసే దిక్కులేని మన జిల్లావాళ్ళని వారానికోసారి పలకరించడానికి జట్లు కడదాం, ఆ కాగితం అక్క బల్ల మీదే పెడతాం.

కందుకూరు పెద్దాయన (లెక్కలు):
ఆస్పత్రి జట్టులో నా పేరు మొదట రాయండి. సంఘం పేరు సంగతి, ఆ డోలక్ ఆగే గంటకి వచ్చి కూర్చుంటాను, తర్వాత చెబుతాను.

ఒంగోలు వదిన (భోజనాలు):
మంచిది, ముందు వరసలో కుర్చీ మీకే. పులిహోర, కోడి పలావు, పెరుగన్నం. నెల్లూరు చేపల పులుసు అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు, అద్దె హాలు తివాచీ మీద పులుసు వద్దు. ఫహాహీల్, జలీబ్ వ్యాన్లలో ఎవరెవరు వస్తున్నారో బుధవారం రాత్రికి చెప్పండి, బియ్యం ఆ లెక్కన నానబెడతాం.

ఉదయగిరి తమ్ముడు (పాటలు):
కొత్త పోస్టర్ పెట్టాను, చూడండి. "పవిత్రాత్మ పండుగ సిద్ధపాటు ప్రార్థన" అంతే. కీబోర్డు అడాప్టర్ ఎవరిదగ్గరన్నా ఉంటే తెండి, నాది కాలిపోయింది.